పాలమూరు రైలుదారి, పట్నం స్టేషన్లు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల మాకు అందిన ఉత్తరాల్లో ఆరింటికి విషయం ఒకటే కావడం వల్ల, వేర్వేరు అంశాలకు జవాబులిచ్చే అలవాటును ఈసారికి పక్కన పెట్టి, శీర్షిక మొత్తాన్ని సికింద్రాబాదు నుంచి కాచిగూడ, ఫలక్‌నుమా, ఉందానగర్, షాద్‌నగర్, జడ్చర్లల మీదుగా మహబూబ్‌నగర్‌కు, అక్కడి నుంచి గద్వాలకు వెళ్లే రైలుదారికే కేటాయిస్తున్నాము. ఉత్తరాలను కుదించి, అడిగిన సంగతి చెడకుండా ఇస్తున్నాము.

ప్రశ్న: నేను రోజూ షాద్‌నగర్‌లో ప్యాసింజరు ఎక్కి కాచిగూడలో దిగే ఉద్యోగిని. సికింద్రాబాదు నుంచి ఫలక్‌నుమా దాకా అడుగడుగునా స్టేషనే ఉంటుంది. అది దాటితే ఒక స్టేషనుకూ మరొక స్టేషనుకూ చాలా దూరం. ఈ లైనును మొదట హైదరాబాదు నగరం కోసం వేసి, తరువాత మా వైపు పొడిగించారని తోటి ప్రయాణికులు అంటారు. నిజమేనా? (ఒక పాఠకుడు, షాద్‌నగర్)

జవాబు: జరిగింది దీనికి తలకిందులు. ఈ లైను మొదటి నుంచీ దూరప్రయాణాల కోసం, హైదరాబాదు నుంచి దక్షిణంగా కృష్ణానది వైపు వెళ్లడం కోసం వేసినది. నగరంలోని ప్రయాణికులకు ఇది రోజువారీ బండిగా మారడం నిన్నమొన్నటి సంగతి.

హైదరాబాదు రాజ్యంలోకి రైలు వచ్చింది పడమటి వైపు నుంచి. బొంబాయి, మద్రాసుల మధ్యనున్న ప్రధాన మార్గం మీది వాడి జంక్షను నుంచి సికింద్రాబాదుకు వేసిన పెద్ద లైను (బ్రాడ్ గేజీ) 1874 అక్టోబరులో మొదలైంది. అప్పటికి ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఎనిమిదేళ్ల పిల్లవాడు. రాజ్యభారం దివాను మొదటి సాలార్ జంగ్ మోసేవాడు. ఆ లైనును తూర్పుకు పొడిగించే పనిని 1883లో లండనులో ఏర్పడిన నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీకి అప్పగించారు. పేరులోని ‘గ్యారంటీ’ అన్న మాటను గమనించాలి: కంపెనీ పెట్టుబడికి నిర్ణీత వడ్డీ దక్కేలా నిజాము ఖజానా హామీ పడింది. లాభం ఇంగ్లండులోని వాటాదారులకు, నష్టభయం ఇక్కడి రైతు కట్టిన శిస్తుకు అన్నమాట. ఈ ఒప్పందాన్ని, దానిలోని చాందా (నేటి చంద్రపూర్) రైలు పథకాన్ని ప్రజల ముందు చర్చకు పెట్టాలని అడిగినందుకే సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయను ఆ ఏడే హైదరాబాదు నుంచి వెళ్లగొట్టారు. హైదరాబాదు రాజ్యంలో ప్రభుత్వ నిర్ణయాన్ని బహిరంగంగా ప్రశ్నించిన తొలి సందర్భాల్లో ఒకటి రైలుదారి గురించే కావడం మన చరిత్రలో మరచిపోకూడని సంగతి.

తూర్పు లైను వరంగల్లు దాటి 1889 నాటికి బెజవాడ చేరింది. ఆ తరువాత 1900 ప్రాంతంలో, ఖర్చు తక్కువని, పట్టాల మధ్య ఎడం తక్కువగా ఉండే మీటరు గేజీ పద్ధతిలో, మన జనం ‘చిన్న లైను’ అని పిలుచుకున్న పద్ధతిలో, హైదరాబాదు నుంచి నిజామాబాదు, నాందేడు, ఔరంగాబాదుల మీదుగా మన్మాడు దాకా 391 మైళ్ల గోదావరి లోయ రైలుదారిని వేశారు. ఇలా పడమరకు, తూర్పుకు, ఉత్తరానికి పట్టాలు పడిన తరువాత కూడా దక్షిణం మాత్రం ఎడ్లబండికీ కాలినడకకూ మిగిలిపోయింది. గద్వాల, వనపర్తి సంస్థానాలకు గాని, జిల్లా కేంద్రమైన మహబూబ్‌నగర్‌కు గాని ఇరవయ్యవ శతాబ్దం మొదటి దశకం దాకా రైలు లేదు.

చిన్న లైనును దక్షిణంగా గద్వాల వరకు తీసుకువెళ్లే పని ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఏలుబడి తొలి ఏళ్లలో జరిగింది. ఇప్పుడు మీరు దిగే కాచిగూడ స్టేషను 1916లో కట్టినది. గుమ్మటాలతో, మినార్లతో కోటలా కనిపించే ఆ భవనం నిజాము రైల్వేకు కొంతకాలం ప్రధాన కార్యాలయంగా కూడా ఉండేది. గద్వాల వద్ద ఆగిన పట్టాలు తరువాతి ఏళ్లలో తుంగభద్ర దాటి కర్నూలుకూ ద్రోణాచలానికీ (డోన్‌కు) చేరి, దక్షిణదేశపు మీటరు గేజీ మార్గాలతో కలిశాయి. అప్పటి నుంచి మన్మాడు వైపు నుంచి వచ్చిన సరుకు, మధ్యలో వ్యాగను మార్చకుండానే, పాలమూరు మీదుగా దక్షిణానికి పోగలిగేది. గేజీని ఎంచుకోవడంలో ఉన్న అసలు తర్కం ఇదే; హైదరాబాదు నగరంలోని రాకపోకలు ఆ లెక్కలో లేవు.

నగరంలో ఈ లైను నడిచిన తీరును చూసినా ఇదే అర్థమవుతుంది. అది పాతబస్తీ నడిబొడ్డుకు వెళ్లకుండా, మలక్‌పేట ముందు మూసీ దాటి, తూర్పు అంచు వెంబడి దబీర్‌పురా, యాకుత్‌పురా, ఉప్పుగూడ మీదుగా దక్షిణానికి తిరుగుతుంది. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద వేలమందిని పొట్టనబెట్టుకొని అప్పటికి పదేళ్లు కూడా కాలేదు. ఆ నది మీద వంతెన కట్టిన ఇంజనీర్ల మనసులో ఆ వరద మెదలకుండా ఉండదని నేననుకుంటాను.

ఇక దగ్గర దగ్గరగా ఉన్న స్టేషన్ల సంగతి. సికింద్రాబాదు, ఫలక్‌నుమాల మధ్య దూరం సుమారు 14 కిలోమీటర్లు. రెండు కొసలనూ కలుపుకుంటే ఆ దూరంలో స్టేషన్లు 11. నగరం ఈ పట్టాల ఇరుపక్కలా పెరిగి, 2003 ఆగస్టు 9న మొదట లింగంపల్లి వైపు, మరుసటి ఏడు ఫలక్‌నుమా వైపు ఎంఎంటీఎస్ అనే నగరపు లోకల్ బండ్లు నడవడం మొదలైన తరువాత ఈ స్టేషన్లకు నగర జీవితంలో ఇప్పుడున్న చోటు దక్కింది. కనుక మీ తోటి ప్రయాణికులకు చెప్పండి: నగరపు లైను మీ ఊరికి రాలేదు, మీ ఊరికి వెళ్లే లైనును నగరం వాడుకుంటున్నది.

ప్రశ్న: ఉస్మానియాలో ఎం.ఏ. చదువుతున్నాను. ఒకే విశ్వవిద్యాలయానికి ఆర్ట్స్ కాలేజీ, జామియా ఉస్మానియా అని పక్కపక్కనే రెండు స్టేషన్లు ఎందుకు? ఈ దారిలోని మిగతా స్టేషన్ల పేర్ల వెనుక సంగతులేమిటి? (ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్)

జవాబు: ‘జామియా’ అంటే అరబ్బీలో విశ్వవిద్యాలయం. 1918లో ఉర్దూ బోధనా భాషగా మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉర్దూలో ఉన్న పేరే జామియా ఉస్మానియా. కాబట్టి ఒక స్టేషను విశ్వవిద్యాలయం పేరును, మరొక స్టేషను ఆ విశ్వవిద్యాలయానికి ముఖచిత్రమైన ఆర్ట్స్ కాలేజీ పేరును పెట్టుకున్నాయి. ఆ గులాబీ రాతి భవనానికి 1934లో పునాదిరాయి పడి, 1939 డిసెంబరులో ప్రారంభోత్సవం జరిగింది. విశ్వవిద్యాలయ ఆవరణ చాలా విశాలమైనది. ఒక కొసన దిగినవారు మరొక కొసకు నడవాలంటే చెమట పట్టవలసిందే గనుక రెండు స్టేషన్లు ఉండడం విద్యార్థులకు మేలే. ఉర్దూ తెలియని మన పిల్లలు చాలామంది జామియా ఉస్మానియాను ఏదో వేరే బస్తీ పేరనుకొని చదువు ముగించి వెళ్లిపోతారు. మీరు ఆగి అడిగినందుకు సంతోషం.

సికింద్రాబాదు నుంచి రాగానే తగిలే సీతాఫల్‌మండి పేరుకు సీతాఫలాల బజారని అర్థం. ఈ పేరు వినగానే పాలమూరు వాళ్లకు మరొక స్టేషను గుర్తుకు రావాలి. ఇదే దారిలో, షాద్‌నగర్ దాటాక వచ్చే బాలానగర్ పేరు ఉద్యాన శాస్త్రంలో ఒక సీతాఫలం రకానికి ఉంది. పెద్ద కన్నులతో, కండ ఎక్కువగా ఉండే ఆ రకం మన జిల్లా గుట్టల మీది చెట్ల నుంచి దేశంలోని పరిశోధనా తోటలకు పోయి, ‘బాలానగర్’ పేరుతోనే స్థిరపడింది. దసరా, దీపావళి రోజుల్లో జడ్చర్ల, బాలానగర్, షాద్‌నగర్ రహదారి పక్కన గంపలు పెట్టుకొని కూర్చున్న ఆడవాళ్లను చూడనివారు మన వైపు ఉండరు. ఒకే రైలుదారికి ఒక కొసన ఆ పండ్ల బజారు పేరు, మరొక కొసన ఆ పండ్ల రకానికి పేరిచ్చిన ఊరు ఉండడం నాకు ఈ దారి మొత్తంలోకీ ఇష్టమైన సంగతి.

మలక్‌పేట అంటే మన రైతులకు గంజ్, అంటే టోకు బజారు. ఉల్లిగడ్డల బస్తాలతో, మిరప బోరాలతో పట్నం పోయే దేవరకద్ర వైపు రైతుకు ఆ స్టేషను పేరు చార్మినారు కన్నా ముందు తెలుసు. దబీర్‌పురాలో ‘దబీర్’ అంటే పారసీకంలో లేఖకుడు, వ్రాయసకాడు. హైదరాబాదు కోటగోడకు ఒకప్పుడున్న 13 దర్వాజాల్లో ఈనాటికి నిలిచినవి రెండే: ఒకటి పురానాపూల్ దర్వాజా, రెండవది దబీర్‌పురా దర్వాజా. యాకుత్‌పురా పేరుతోనూ ఒక దర్వాజా ఉండేది గాని అది మిగలలేదు; ‘యాకూత్’ అంటే కెంపు.

ఫలక్‌నుమా పేరు కొండ మీది రాజభవనం నుంచి వచ్చింది. ‘పైగా’ అనే ప్రభువుల వంశానికి చెందిన అమీరు వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టి కట్టించిన ఆ భవనం తరువాత ఆరవ నిజాము చేతికి వచ్చింది. ‘ఫలక్’ అంటే ఆకాశం గనుక ఆకాశ దర్పణమని దాని పేరును చెప్పుకుంటారు. ఆ ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ పేరే ఈ దారి అవతలి కొసన మీ ఊరికీ ఉంది. పాలమూరు అని, రుక్మమ్మపేట అని పిలిచే ఊరికి 1890 డిసెంబరు 4న మహబూబ్‌నగర్ అని పేరు మార్చారు. నూట ముప్పై ఏళ్లు గడిచినా ఇంట్లో, బస్సులో, పాటలో అది పాలమూరుగానే ఉండిపోయింది; రైలు టికెట్టు మీద మాత్రం ఎప్పుడూ మహబూబ్‌నగరే.

వీటి నడుమనున్న షాద్‌నగర్ కథ ఇంకా అందమైనది. ఆ ఊరి పాత పేరు ఫరూఖ్‌నగర్. నిజాము దగ్గర ప్రధానిగా పనిచేసిన మహారాజా కిషన్ పర్షాద్ ఉర్దూలో కవిత్వం రాసేవాడు. ఆయన కలం పేరు ‘షాద్’, అంటే ఆనందంగా ఉన్నవాడు. ఆ కలం పేరే ఊరి పేరయింది. ఒక కవి తఖల్లుసు రైల్వే స్టేషను పలక మీద మూడు భాషల్లో ఎక్కడం ఎంత అరుదో ఆలోచించండి. మీరు ఎం.ఏ. విద్యార్థిని గనుక ఒక మాట: ఈ స్టేషన్ల పేర్లను వరుసగా రాసుకొని, ఒక్కొక్క దాని పుట్టుకను విచారిస్తే దక్కను చరిత్ర మీద మంచి సిద్ధాంత వ్యాసానికి సరిపడా సరుకు దొరుకుతుంది.

ప్రశ్న: నల్లగొండ నుంచి హైదరాబాదు వెళ్లే మా రైలు కాచిగూడ వైపు రాదు. మా లైను కూడా అంత పాతదేనా? (ఒక పాఠకుడు, నల్లగొండ)

జవాబు: కాదు. నల్లగొండకు రైలు తెచ్చిన లైను బీబీనగర్ దగ్గరి పగిడిపల్లి నుంచి చీలి, నల్లగొండ, మిర్యాలగూడల మీదుగా కృష్ణ దాటి నడికుడి చేరుతుంది. అది పూర్తిగా స్వాతంత్ర్యానంతర నిర్మాణం. 1970వ దశకంలో మొదలై 1980వ దశకం చివరికి ముగిసింది. అంటే మహబూబ్‌నగర్‌కు రైలు వచ్చిన ఎన్నో దశాబ్దాల తరువాత గాని నల్లగొండ జిల్లా కేంద్రం రైలు కూత వినలేదు. పగిడిపల్లి నుంచి సికింద్రాబాదు దాకా మీ బండి నడిచేది మాత్రం 1880వ దశకం నాటి కాజీపేట లైను మీదనే. ఆ దారిలో ఘటకేసరు దాకా ఎంఎంటీఎస్ బండి 2024 మార్చిలో వచ్చింది.

ప్రశ్న: మా నాయన చిన్న లైను రోజుల గురించి, క్రాసింగు కోసం గంటల తరబడి ఆగిన బండ్ల గురించి చెప్తుంటారు. ఇప్పుడు రెండు లైన్లు పడ్డాయి, కరెంటు కూడా వచ్చింది. మరి ఉందానగర్‌తో ఆగిన ఎంఎంటీఎస్ షాద్‌నగర్, జడ్చర్ల దాకా రావడానికి అడ్డేమిటి? (ఒక పాఠకుడు, బాలానగర్)

జవాబు: చిన్న లైనులో రెండు పట్టాల మధ్య ఎడం 1,000 మిల్లీమీటర్లు, పెద్ద లైనులో 1,676 మిల్లీమీటర్లు. ఈ తేడా కాగితం మీద రెండు మూరల కన్నా తక్కువే గాని, దాని వల్ల ఒక లైను బండి మరొక లైను ఎక్కలేదు. సికింద్రాబాదులో రెండు రకాల పట్టాలూ ఉండేవి గనుక పాలమూరు పల్లికాయ బస్తాలు అక్కడ దిగి, హమాలీల వీపుల మీద మరో వ్యాగనుకు మారి, అప్పుడు బొంబాయి వైపు కదిలేవి. కూలి ఖర్చు, ఆలస్యం, దారిలో రాలిపోయే గింజ అన్నీ చివరికి రైతు ధరలోనే తెగేవి. దేశమంతటా ఒకే గేజీ ఉండాలన్న పథకాన్ని 1992లో మొదలుపెట్టిన తరువాత, ఆ దశకంలోనే ఈ దారి కూడా పెద్ద లైనుగా మారింది. పట్టాలను కాస్త ఎడం జరిపితే సరిపోయే పని కాదది. స్లీపర్లు, వంతెనల గడ్డర్లు, ప్లాట్‌ఫారాల అంచులు, సిగ్నళ్లు అన్నింటినీ కొత్తగా అమర్చవలసి వచ్చింది.

పెద్ద లైను వచ్చినా, ఫలక్‌నుమా దాటితే దారి ఒంటిదిగానే ఉండిపోయింది. ఒంటి లైనులో ఎదురెదురుగా వచ్చే రెండు బండ్లలో ఒకటి స్టేషనులోని లూపు లైనులోకి తప్పుకొని నిలబడాలి. అదే మీ నాయనగారు చెప్పే క్రాసింగు. తప్పుకోవలసింది ఎప్పుడూ ప్యాసింజరే గనుక, ఎక్స్‌ప్రెస్సులు పెరిగిన కొద్దీ మన బండి ఆలస్యం పెరిగింది. తిమ్మాపురంలోనో గొల్లపల్లిలోనో బండి ఆగితే జనం దిగి, వేపచెట్టు కింద కూర్చొని, ఎదుటి బండి పొగ కోసం చూసిన రోజులు చాలామందికి జ్ఞాపకముంటాయి.

ఆ కష్టం తీరింది ఇటీవలే. ఉందానగర్ దాకా జంట లైను ఎంఎంటీఎస్ రెండవ దశలో పడింది. అక్కడి నుంచి మహబూబ్‌నగర్ దాకా 85 కిలోమీటర్ల జంట లైను, విద్యుదీకరణ సుమారు 1,410 కోట్ల రూపాయల ఖర్చుతో పూర్తయి, 2023 ఏప్రిల్ 8న ప్రధానమంత్రి చేతుల మీదుగా జాతికి అంకితమైంది. మేడ్చల్ నుంచి ఉందానగర్‌కు ఎంఎంటీఎస్ బండ్లు నడవడం కూడా అప్పుడే మొదలైంది. అదే ఏడు సెప్టెంబరు 24 నుంచి కాచిగూడ, యశ్వంత్‌పూర్‌ల నడుమ తిరుగుతున్న వందే భారత్ మహబూబ్‌నగర్‌లో ఆగుతుంది.

ఇక మీ అసలు ప్రశ్న. మెట్రో రైలుకు స్తంభాల మీద సొంత పట్టాలున్నాయి, ఎంఎంటీఎస్‌కు లేవు. అది దూరప్రాంతపు ఎక్స్‌ప్రెస్సులూ గూడ్సు బండ్లూ నడిచే పట్టాల మీదనే, వాటి మధ్య దొరికిన సందులో నడవాలి. బండి ఒక స్టేషనులో ముగిసి వెనక్కి తిరగాలంటే అక్కడ అదనపు ప్లాట్‌ఫారం, రాత్రి నిలబెట్టే లైనులు కావాలి. దానికి తోడు డబ్బు పంపకం ఉంది: మొదటి దశ ఖర్చును రైల్వే, రాష్ట్ర ప్రభుత్వం చెరి సగం భరించగా, రెండవ దశలో రాష్ట్రానిది మూడింట రెండు వంతులు, రైల్వేది ఒక వంతు. రాష్ట్రం ఒప్పుకొని నిధులు ఇస్తే గాని పొడిగింపు కదలదు. రెండవ దశ 2012-13లో మంజూరై, పూర్తవడానికి పదేళ్లకు పైగా పట్టడానికి ఈ ఇద్దరి నడుమ నిధుల జాప్యమూ ఒక కారణం.

అయినా, షాద్‌నగర్ దాకా ఎంఎంటీఎస్ కావాలన్న కోరిక న్యాయమైనదని మా గట్టి అభిప్రాయం. కొత్తూరు, తిమ్మాపురం, నందిగామ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు, పట్నంలో చదివే పిల్లలు, ఆసుపత్రులకు వెళ్లే వృద్ధులు రోజూ ఈ దారిలోనే తిరుగుతున్నారు. జంట పట్టాలు, కరెంటు తీగ అనే రెండు పెద్ద ఖర్చులు ఇప్పటికే అయిపోయాయి. మిగిలినవి వాటితో పోలిస్తే చిన్నవి. జడ్చర్ల మాత్రం దూరం ఎక్కువ. ప్రతి చిన్న స్టేషనులోనూ ఆగే నగరపు బండిలో అక్కడి దాకా కూర్చోవడం ప్రయాణికులకే శ్రమ గనుక, ఆ వైపు వాళ్లకు ఉదయం సాయంత్రం వేళల్లో మెము (కరెంటుతో నడిచే ప్యాసింజరు) బండ్లు పెంచమని అడగడం మేలు. అడిగేటప్పుడు ఒక్క రైల్వేనే కాక, రాష్ట్ర ప్రభుత్వాన్ని కూడా అడగండి. వాటా సంగతి పైన చెప్పాము గదా.

ప్రశ్న: మా ఊరికి పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్న స్టేషనుకు వనపర్తి రోడ్ అని పేరెందుకు పెట్టారు? (ఒక పాఠకురాలు, వనపర్తి)

జవాబు: స్టేషను పేరు చివర ‘రోడ్’ ఉంటే, ఆ ఊరు అక్కడ లేదని, దిగిన తరువాత రోడ్డు పట్టి వెళ్లాలని రైల్వే వాడుక. మీ స్టేషను ఉన్నది మదనాపురంలో. కృష్ణా, తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలోని అలంపురం రోడ్ స్టేషనుదీ ఇదే కథ. జోగులాంబ దర్శనానికి వచ్చి, దిగగానే గుడి కనిపిస్తుందనుకొని దిక్కులు చూసే పరవూరి యాత్రికులకు ఈ సంగతి ముందే చెప్పాలి. మీ పొరుగున ఉన్న దేవరకద్ర అదృష్టం వేరు: మునీరాబాదు వైపు వేస్తున్న కొత్త లైను అక్కడే చీలి, మక్తల్ మీదుగా కృష్ణా స్టేషనును 2023లో చేరింది. గద్వాల నుంచి రాయచూరుకు అంతకు పదేళ్ల ముందే, 2013లో, లైను పడింది.

ప్రశ్న: మా తాత 1956లో మా ఊరి దగ్గర రైలు పడిపోయిందని, శవాలను బండ్లలో తెచ్చారని చెప్పేవాడు. బడి పుస్తకాల్లో ఎక్కడా చదవలేదు. ఇది నిజంగా జరిగిందా? (ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, జడ్చర్ల)

జవాబు: జరిగింది. 1956 సెప్టెంబరు 2న జడ్చర్ల, మహబూబ్‌నగర్‌ల మధ్య వంతెన కూలిపోయి ప్యాసింజరు రైలు పడిపోయింది. చనిపోయినవారి సంఖ్య 112గా నమోదైంది. ఆ దారి అప్పటికి చిన్న లైనే. నిజాము ప్రభుత్వం 1930 ఏప్రిల్ 1న కంపెనీ నుంచి కొని, తన సొంతం చేసుకున్న ఈ రైల్వే 1951 నవంబరులో మధ్య రైల్వేలో కలిసింది. సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడడానికి ఇంకా పదేళ్లుంది. హైదరాబాదు రాష్ట్రం కూడా అప్పటికి ఉన్నదే. షాద్‌నగర్ దగ్గరి బూర్గుల ఊరి పేరును ఇంటిపేరుగా మోసిన బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి. రెండు నెలలు తిరగకుండానే నవంబరు 1న ఆ రాష్ట్రమే లేకుండా పోయింది. అంత పెద్ద రాజకీయ మార్పు వెంటనే వచ్చి పడడం వల్ల ఈ దుర్ఘటన మన జ్ఞాపకంలో మూలకు పోయిందని నాకు తోస్తుంది.

అప్పటి రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి ఈ ప్రమాదానికి బాధ్యత తనదేనంటూ రాజీనామా ఇచ్చారు. ప్రధాని నెహ్రూ దాన్ని అంగీకరించలేదు. ఆ నవంబరులో మద్రాసు రాష్ట్రంలోని అరియలూరు దగ్గర మరో వంతెన వద్ద ఇంకా ఎక్కువ మంది చనిపోయినప్పుడు శాస్త్రి మళ్లీ రాజీనామా ఇచ్చారు, ఈసారి నెహ్రూ అంగీకరించారు. శాస్త్రి నైతికతను పిల్లలకు చెప్పేటప్పుడు మనం అరియలూరు పేరే చెప్తాము. ఆయన మొదటి రాజీనామా పాలమూరు మట్టి మీద పోయిన ప్రాణాల కోసమని మన జిల్లా పిల్లలకైనా చెప్పకపోవడం అన్యాయం.

మన నేల గొలుసుకట్టు చెరువుల నేల. ఎక్కువ కాలం ఎండిపోయి కనిపించే వాగు ఒక్క పెద్ద వానకు, ఎగువన ఒక్క కట్ట తెగినందుకు, గంటలో పొంగుతుంది. నిండుగా పారే పెద్ద నది మీది వంతెనను ఇంజనీర్లు గట్టిగా కడతారు. ప్రమాదం ఎక్కువగా పొంచి ఉండేది ఎవరూ లెక్కచేయని చిన్న వాగు మీది చిన్న వంతెన దగ్గర. అందుకే వానాకాలమంతా రైల్వేలో రాత్రిగస్తీ ఉంటుంది. గ్యాంగ్‌మన్ చేతిలో లాంతరు, సంచిలో పట్టాల మీద పెట్టి పేల్చే టపాకాయ లాంటి డిటోనేటర్లు పెట్టుకొని, తన వంతు మైళ్లు వానలో నడిచి, కట్ట కోసుకుపోయిందేమో, వంతెన స్తంభం మీద గీసిన ప్రమాద గీతను నీళ్లు దాటాయేమో చూస్తాడు. దాటితే ఎదురుగా పరుగెత్తి బండిని ఆపాలి. మన ఊళ్లలో ఈ పని చేసి, రైల్వే నుంచి విశ్రాంతి తీసుకున్న పెద్దలు ఇంకా ఉన్నారు.

మీ తాతగారు చెప్పినదాన్ని మీరు విన్నది విన్నట్టు రాసి పంపండి. జడ్చర్ల, బాదేపల్లి, దివిటిపల్లి, మహబూబ్‌నగర్‌ల చుట్టుపక్కల ఆ రోజు గురించి ఇంట్లో విన్నవారు, ఆ బండిలో తమవాళ్లను పోగొట్టుకున్న కుటుంబాలవారు ఎవరైనా ఉంటే, ఒక్క పేరా అయినా సరే, చేతిరాతతో అయినా సరే, మాకు పంపవలసిందిగా కోరుతున్నాము. అందిన వాటిని, రాసినవారి అనుమతితో, వచ్చే సెప్టెంబరు సంచికలో ఇదే శీర్షికలో ప్రచురిస్తాము.